బ్రేకు కావాలంటే సన్‌రూఫ్ కూడా కొనాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

సూర్యాపేటలో చిన్న ట్రావెల్స్ నడుపుతున్నాను. మా బండ్లు ఎక్కువగా హైదరాబాద్, విజయవాడ మధ్యే తిరుగుతాయి. ఎయిర్‌పోర్టు డ్రాపులు, పెళ్లి ట్రిప్పులు, ఆసుపత్రి కేసులు, చాలావరకు రాత్రి ప్రయాణాలే. కార్లలో ఈమధ్య వస్తున్న అడాస్ (ప్రమాదాన్ని ముందే పసిగట్టి డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) గురించి జనం అనే మాటలు విని విని ఈ ఉత్తరం రాస్తున్నాను. "మన రోడ్లకి అవన్నీ దేనికండీ, గేదె అడ్డమొస్తే అదేం చేస్తుంది, డబ్బున్నోళ్ల షోకు" అంటారు. చదువుకున్నవాళ్లు కూడా అదే మాట. నేను ఒప్పుకోను. సడన్ బ్రేకులో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల తర్వాత మామూలు కారులోకి వచ్చిన అసలైన రక్షణ ఇదే. దాన్ని టాప్ మోడల్ కొన్నవాళ్లకే దక్కేలా అమ్మడం తప్పు.

అడాస్ అనగానే కారు తనంతట తానే నడుస్తుందని చాలామంది అనుకుంటారు, అదేం కాదు. ముందు అద్దం లోపల మిర్రర్ దగ్గర ఒక కెమెరా ఉంటుంది, కొన్ని కార్లలో బంపర్ దగ్గర రాడార్ కూడా ఉంటుంది. ముందున్న బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దగ్గరవుతున్నామో అవి చూస్తూ ఉంటాయి. ప్రమాదం అనిపిస్తే మొదట అలారం కొడుతుంది, అప్పటికీ డ్రైవర్ కాలు బ్రేకు మీదికి రాకపోతే తనే బ్రేకు వేస్తుంది. 80 స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఫోన్ మోగిందని కిందికి చూసి తలెత్తేసరికి రెండు సెకన్లు, అంటే 44 మీటర్లు ఎవరూ చూడకుండా వెళ్లిపోయినట్టు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మొత్తం ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి గుద్దినవే. 65వ నంబర్ హైవే మీద రాత్రిపూట తిరిగేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. లారీ టైరు పంక్చరైతే సగం రోడ్డు మీదే ఆపేస్తారు, వెనక లైట్లు వెలగవు, గుర్తుగా నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. ఎదురుగా వచ్చే బండి హైబీమ్ కళ్లలో కొడుతుంటే ఆ కొమ్మ ఎవరికి కనపడుతుంది?

అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీల డబ్బుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ ఈ విషయం లెక్కతీసి చూసింది. తనంతట బ్రేకు వేసే కార్లలో వెనక నుంచి గుద్దే ప్రమాదాలు సగానికి తగ్గాయి. ఒట్టి అలారం మాత్రమే ఉన్నవాటిలో 27 శాతమే తగ్గాయి. మనిషిని హెచ్చరించి వదిలేస్తే చాలదని దాన్నిబట్టే తెలుస్తోంది. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ ఈ బ్రేకు తప్పనిసరి. అమెరికా 2029 సెప్టెంబరు గడువు పెట్టింది.

దీనికి లోపాలు లేవని నేను అనడం లేదు. వీధి దీపాలు లేని చీకట్లో నడిచి వెళ్లేవాళ్ల విషయంలో ఈ బ్రేకు వల్ల తేడా కనపడలేదని ఆ సంస్థే చెప్పింది, మన ఊళ్ల దగ్గర రోడ్డు దాటే జనాన్ని తలుచుకుంటే అది చిన్న లోపం కాదు. బండిని గీతల మధ్యే ఉంచే లేన్ అసిస్ట్, లైన్లు చెరిగిపోయిన రోడ్ల మీద పనికిరాదు, మా డ్రైవర్లు ఊరి రోడ్డు ఎక్కగానే దాన్ని ఆపేస్తారు. సిటీలో బైకులు అడ్డంగా దూరినప్పుడు ఊరికే అలారం కొట్టడమూ నిజమే. బ్రేకును మాత్రం ఎవరూ ఆపరు. ఇక చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయని కారుని నమ్మించడానికి దానికి నీళ్ల సీసా కట్టి, సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని వీడియోలు పెట్టేవాళ్లకి లైసెన్స్ రద్దు చేయాలి, వాళ్ల వల్లే మంచి వస్తువుకి చెడ్డపేరు వస్తోంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది నిద్ర హెచ్చరిక. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒకసారి మా డ్రైవర్ పక్కన నేనూ కూర్చుని విజయవాడ నుంచి వస్తున్నాను, తెల్లవారుజామున మూడు దాటింది, కోదాడ దగ్గర. మనిషి చూడటానికి బాగానే ఉన్నాడు, నాతో మాట్లాడుతున్నాడు కూడా. మీటర్లో కాఫీ కప్పు బొమ్మ వెలిగి టింగుమంది. స్టీరింగ్ తిప్పే తీరులో తేడా అది పట్టేసింది, పక్కనే ఉన్న నేను పట్టలేకపోయాను. అడిగితే "ఏం లేదు సార్, బాగానే ఉన్నా" అన్నాడు. ఏ డ్రైవరైనా ఓనర్‌తో అంతే అంటాడు, నిద్రొస్తోందంటే రేపు ట్రిప్పు ఇస్తారో లేదో అని భయం. ధాబా దగ్గర ఆపి సీటు వాల్చగానే ఐదు నిమిషాల్లో గురక. అప్పటి నుంచి మా దగ్గర ఒకటే రూలు: ఆ బొమ్మ వెలిగిందంటే బండి పక్కకి తీయాలి, కస్టమర్‌కి నేను ఫోన్లో చెప్పుకుంటాను. డ్రైవర్ తన నోటితో చెప్పలేని మాట ఆ బొమ్మ చెబుతోంది, చెప్పినందుకు వాడి మీద ఎవరూ కోప్పడరు.

డబ్బు సంగతికి వస్తాను. చిన్న గుద్దుడు అంటాం గానీ బంపర్, బానెట్, రేడియేటర్, ఏసీ కండెన్సర్ అన్నీ పోతాయి. ఇన్సూరెన్స్ ఉందిగా అంటారు. తరుగు కోయకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ పాలసీ లేకపోతే ప్లాస్టిక్ సామానులో సగం మన జేబులోంచే. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, ఒక్క క్లెయిమ్‌తో సున్నా. సామాను రాలేదని బండి షెడ్డులో వారాల తరబడి నిలబడితే ఈఎంఐ ఆగదు, డ్రైవర్ జీతం ఆగదు, రోజూ వచ్చే కస్టమర్ వేరే ట్రావెల్స్ చూసుకుంటాడు. అడాస్ ఉన్న బండికి రిపేరు ఖర్చు ఎక్కువన్నది నిజమే. మా బండికి రాయి తగిలి ముందు అద్దం పగిలితే, అద్దం మార్చాక కెమెరాని మళ్లీ సరిచేయాలని సర్వీస్ సెంటర్‌లో విడిగా బిల్లు వేశారు. ఆ అదనపు ఖర్చు, ఒక్క గుద్దుడు తప్పితే మిగిలేదాని ముందు ఎంత?

ఇవన్నీ ఓనర్ లెక్కలు. గుద్దించుకున్నవాళ్ల లెక్క ఇంకా ఘోరం. ప్రమాదం జరిగితే పేద కుటుంబానికి ఏడు నెలలకు పైగా రాబడి పోతుందని, ఉన్నవాళ్లకి నెల రాబడి కూడా పోదని ప్రపంచ బ్యాంకు మన దేశం మీద 2021లో ఇచ్చిన నివేదికలో ఉంది. కాబట్టి కారులోని బ్రేకు కారులో ఉన్నవాడికే కాదు, దాని ముందు సైకిల్ మీద పోయేవాడికీ లాభమే. షోకు అనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంత లాభం ఉన్న వస్తువు ఎక్కడ దొరుకుతోంది? చాలా కార్లలో పై వేరియంట్లలోనే. బ్రేకు కావాలంటే సన్‌రూఫ్, చల్లగాలి సీట్లు, పెద్ద స్క్రీన్ కూడా కొనుక్కోవాలి. టాక్సీకి కొనేవాళ్లలో చాలామంది బేస్ మోడల్ తప్ప వేరేది కొనలేరు. వారానికోసారి బయటికి తీసే కారుకి ఈ బ్రేకు ఉంటోంది, రాత్రీపగలూ హైవే మీద ఉండే చాలా కార్లకి లేదు. ఖర్చు ఎక్కువనే సాకు కూడా నిలబడదు, 2024 డిసెంబరులో వచ్చిన కొత్త హోండా అమేజ్ కారులో పది లక్షల లోపు షోరూమ్ ధరకే కెమెరా అడాస్ ఇచ్చారు, అదీ టాప్ వేరియంట్‌లోనే అనుకోండి. 2019లో అన్ని కార్లకీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసినప్పుడూ రేట్లు పెరుగుతాయని గోల చేశారు, ఇప్పుడు ఎవరికైనా గుర్తుందా? కార్లను గుద్దించి పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ ఇచ్చే స్టార్లు చూసి కొంటున్నాం, మంచిదే, కానీ అవి ఎక్కువగా గుద్దుకున్నాక ఎంత దెబ్బ తగులుతుందో చెప్పేవి.

మనవాళ్లకి ఈ సంగతి తెలియదనీ కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ వాళ్లతో కలిసి తెలంగాణ ఆర్టీసీ 200 బస్సులకి ఇలాంటి హెచ్చరిక కెమెరాలు పెట్టింది. అలారాలు ఏ చోట ఎక్కువ వస్తున్నాయో చూసి, ప్రమాదం జరగకముందే ఆ రోడ్డును బాగుచేయొచ్చన్నది అందులో మంచి ఆలోచన. బస్సులకీ లారీలకీ ఆటోమేటిక్ బ్రేకు, నిద్ర హెచ్చరిక పెట్టాలని కేంద్రం కూడా 2025లో ముసాయిదా ఇచ్చింది. ఆ జాబితాలో టాక్సీలను కూడా చేర్చమంటున్నాను. మా టాక్సీలకి స్పీడ్ గవర్నర్ పెట్టమని రూలు పెట్టినవాళ్లకి ఇది కష్టం కాదు.

ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంకో మాట. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ ఆమోదించిన దొంగతనం నివారణ పరికరం పెడితే ప్రీమియంలో 2.5 శాతం, 500 రూపాయలకు మించకుండా తగ్గింపు ఇచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఈసారి రెన్యువల్‌కి ఆటోమేటిక్ బ్రేకు ఉన్న బండికి ఏమైనా తగ్గిస్తారా అని మా ఏజెంటుని అడిగితే అలాంటిదేమీ లేదన్నాడు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ దీని మీద కంపెనీలతో మాట్లాడాలి. కార్ల కంపెనీలు కూడా ఆ బ్రేకు, నిద్ర హెచ్చరిక రెండింటికీ విడిగా రేటు కట్టి బేస్ మోడల్‌లో ఇస్తే, కొనడానికి నేను సిద్ధం. వచ్చే ఏడాది రెండు బండ్లు మార్చాలి.

ఇట్లు,
ఒక ట్రావెల్స్ యజమాని,
సూర్యాపేట