మా క్లాస్‌మేట్ ఇంకా లింటల్ దగ్గరే ఉన్నాడు: అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

పదో తరగతి 'బి' సెక్షన్ విద్యార్థులం నమస్కరించి రాసుకుంటున్నది. మీ హోదా, ఆఫీసు పేరు రాయలేదని కోప్పడకండి. ఇంతకుముందు మూడు అర్జీలు హోదా, సెక్షన్, తేదీ అన్నీ పద్ధతి ప్రకారం రాసే పెట్టాం. తర్వాత ఎక్కడ అడిగినా "ఇది మా సెక్షన్ కాదమ్మా" అన్నారు. ఈసారి ఎవరి సెక్షనైతే వాళ్లే చదువుకుంటారని ఖాళీ వదిలేశాం. బడి పేరు కూడా రాయడం లేదు, రాస్తే మా మాస్టార్లకు మెమో వస్తుంది. విశాఖలో భీమిలి బస్సెక్కి, భీమిలి దాకా రాకుండా కాస్త ముందే దిగి, సముద్రపు గాలికి ఎదురుగా పది నిమిషాలు నడవండి. పిల్లలు వరండాలో, మేకలు తరగతి గదిలో ఉన్న బడి కనిపిస్తే అదే మాది.

పబ్లిక్ పరీక్షలు అయిపోయాయి, మేం వెళ్లిపోతున్నాం. మాస్టార్లకీ జూనియర్లకీ ఫేర్‌వెల్ చెప్పేశాం. తెల్ల చొక్కాల మీద సంతకాలు కూడా పెట్టించుకున్నాం, ఇంట్లో తిట్లూ తిన్నాం. ఒక్క క్లాస్‌మేట్ మిగిలిపోయాడు. వాడి గురించే ఈ ఉత్తరం.

2021 ఆగస్టు 16న కరోనా తర్వాత బడులు తెరిచినప్పుడు మాస్కులు పెట్టుకుని ఆరో తరగతిలో చేరాం. బడులు బాగుచేసి కొత్త గదులు కట్టే నాడు-నేడు పథకం రెండో విడత మొదలైందీ ఆ రోజే. కాబట్టి లెక్క ప్రకారం ఆ పథకంలో మా బడికి మొదలెట్టిన అదనపు గదుల భవనమూ మేమూ ఒకే బ్యాచ్. మేం చెప్పే క్లాస్‌మేట్ వాడే. మొదట్లో మాకంటే వాడే చురుకు. మేం ఆరులో ఎక్కాలు మర్చిపోయి తంటాలు పడుతుంటే వాడు పునాది పాసైపోయాడు. ఏడులో బేస్‌మెంట్, ఎనిమిదిలో లింటల్, అంటే తలుపుల పైన వేసే అడ్డ దిమ్మె. అక్కడ ఏమైందో ఏమో, చదువు మీద మనసు విరిగింది. తొమ్మిది, పది రెండేళ్లూ కదల్లేదు. ఎనిమిది వరకు ఎలాగూ ఎవర్నీ ఫెయిల్ చేయరు కదా, అక్కడిదాకా నెట్టుకొచ్చాడేమో అనుకుని సరిపెట్టుకున్నాం.

వాడి ఎత్తు ఏడడుగులు. ఈ సంగతి మాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే త్రికోణమితి పాఠంలో ఎత్తులూ దూరాలూ కొలవడానికి ప్రతి ఏడాదీ లెక్కల మాస్టారు పదో తరగతి వాళ్లను అక్కడికే తీసుకెళ్తారు. మా సీనియర్లకు ఏడడుగులే వచ్చింది, మాకూ ఏడడుగులే. లెక్క చేయకుండానే జవాబు రాసేస్తున్నారని మాస్టారికి ఒకటే బెంగ. ఎనిమిదిలో ఉండగా మాలో అందరికంటే పొడుగువాడు ఎగిరితేనే అందే లింటల్, ఇప్పుడు నిలబడి చెయ్యెత్తితే అందుతోంది.

సిమెంటు వచ్చినప్పుడు ఇసుక లేదు. ఇసుక వచ్చేసరికి సిమెంటు గడ్డకట్టింది. ఎదురుగా సముద్రం, బోలెడంత ఇసుక, మధ్యలో ఇసుక కోసం ఎదురుచూస్తూ మేము. బీచ్ ఇసుక ఎందుకు వాడకూడదని అడిగితే సైన్స్ మేడమ్ మమ్మల్ని లేపి ఆ గోడ మీద పొడుచుకొచ్చిన ఊచల దగ్గరికి తీసుకెళ్లి, తుప్పు పాఠం అక్కడే చెప్పారు. నీరు, ఆక్సిజన్, వీటికి ఉప్పు తోడైతే ఇనుము ఎంత బేగి తినేస్తుందో ముట్టుకుని చూశాం, పొరలు పొరలుగా చేతికొచ్చింది. ఉప్పుగాలికే ఇలా ఉంటే ఉప్పు ఇసుక వేస్తే ఎలా ఉంటుందో మీరే చెప్పండి అన్నారు. ఆ ప్రశ్న పరీక్షలో వస్తే మాలో ఒక్కడికి కూడా మార్కు తగ్గదు. గడ్డకట్టిన సిమెంటు బస్తాలు మాత్రం వృథా కాలేదండీ. కాగితం సంచులు ఊడిపోయాక లోపల బస్తా ఆకారంలోనే రాళ్లు మిగిలాయి. వరండాలో వెనక రెండు వరుసలకు అవే బెంచీలు. ఎండాకాలం కాస్త చల్లగా కూడా ఉంటాయి.

ముందు వరుసల వాళ్లకు చాపలు. ఆ చాపల కథ మీకు తెలియాలి. 2025 జూన్ 21న యోగా దినం కదా, ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు పొడుగునా చాపలు పరిచారు. ప్రధానమంత్రి గారు వచ్చారు, మేమూ తెల్లారకముందే వెళ్లి చేతులు పైకెత్తాం. వచ్చేటప్పుడు ఎవరి చాప వాళ్లు చుట్టుకుని తెచ్చుకున్నాం. అంత పొడుగు రోడ్డును కొద్ది రోజుల్లోనే అద్దంలా చేసిన వాళ్లకు, మా గదికి స్లాబ్ వేయడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్క కట్టాలని చూశాం. జవాబు గంటల్లో వచ్చింది. తప్పు చేశామని మళ్లీ చేశాం, మళ్లీ గంటల్లోనే వచ్చింది.

ఇక తాపీమేస్త్రీ గారి విషయం. ఇది నవ్వులాట కాదు సార్. పని చేయించింది కాంట్రాక్టరు కాదు, తల్లిదండ్రుల కమిటీ అని మీకు మేం చెప్పక్కర్లేదు. మాలో ఒకడి నాన్న ఆ కమిటీలో ఉన్నారు. బిల్లు ఆగిందని పైవాళ్లు హెడ్‌మాస్టారికి చెప్పారు, హెడ్‌మాస్టారు కమిటీకి చెప్పారు, కమిటీ మేస్త్రీకి చెప్పాలి. మేస్త్రీ గారు ఎవరికి చెప్పాలి? ఆయన కింద నలుగురు కూలీలు. సంక్రాంతికి మేస్త్రీ గారు మావాడి ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. "ఏటి బాబూ, ఈ పండక్కైనా ఏదో ఒకటి తేల్చండి" అన్నారంతే. టీ ఇస్తే తాగారు, వెళ్లారు. తర్వాతి పండక్కీ వచ్చారు. ఇప్పుడు వాళ్ల నాన్న ఆదివారం చేపలకు మా ఊరి రేవుకు వెళ్లడం మానేసి పక్క ఊరు వెళ్తున్నారు. మేస్త్రీ గారూ మొహమాటపడి ఆ పక్క ఊరే వెళ్తున్నారట. మొన్న వంజరం దగ్గర ఇద్దరూ ఎదురుపడి, ఒకరు చేపను, ఇంకొకరు తూనికను చూస్తూ నిలబడ్డారట. అప్పు మీది, సిగ్గు వాళ్లది. ఇదేం న్యాయమో మాకు సోషల్‌లో ఎక్కడా రాలేదు.

అర్జీల సంగతి చెప్పి ముగిస్తాం అనుకున్నాం గానీ, అదీ పొడుగే. మొదటిది సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. రసీదు ఇచ్చారు. రెండోది 2024 డిసెంబర్ 7న మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజు బడికొచ్చిన పెద్దమనిషికిచ్చాం. అమ్మలకు ముగ్గుల పోటీ పెట్టాలి, ముగ్గుకు చోటు లేదు, ఆ పైకప్పు లేని గదిలోనే వేశారు. ఆయన ముగ్గు చాలా బాగుందన్నారు. గది గురించి ఏమీ అనలేదు. మూడోది ఇచ్చిన నెలకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. పరుగెత్తుకెళ్లి చూశాం. లింటల్ లింటల్ దగ్గరే ఉంది, రావి మొక్క ఒకటి కొత్తగా మొలిచింది. 2020లో, 2021లో పరీక్షల్లేకుండా పదో తరగతి వాళ్లందర్నీ పాస్ చేశారు కదా, మా వాడినీ అలాగే పాస్ చేసేసినట్టున్నారు. మాకు హిందీలో 20 వస్తే చాలని వదిలేస్తారు, వాడికి ఆ 20 కూడా అడగలేదు.

అన్నీ తిట్లేనా అనకండి. 2025లో మధ్యాహ్నం సన్నబియ్యం వచ్చింది, బాగుంది. ఆ భోజనానికి గోరుముద్ద అన్న పేరు పోయి డొక్కా సీతమ్మ గారి పేరొచ్చింది. పుస్తకాలు, బ్యాగులిచ్చే కిట్‌కు విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. వండే అక్క మారలేదు, ఆవిడ సాంబారూ మారలేదు, అక్కా నీకు దండం. బాదం చెట్టుకూ, గంట బదులు కొట్టే రైలు పట్టా ముక్కకూ, హాజరు యాప్‌లో ముఖం చూపించడానికి సిగ్నల్ కోసం పొద్దున్నే అరుగెక్కి నిలబడే మా మాస్టార్లకూ సెలవు.

మేం అడిగేది పెద్దదేం కాదు. స్లాబ్ వేయండి. స్లాబ్ కాకపోతే ముందు మేస్త్రీ గారి డబ్బులివ్వండి. అదీ కాకపోతే ఒక్కసారి వచ్చి చూడండి, కారులోంచి కాదు, దిగి. రేకులు వేసి సరిపెడతామంటే మాత్రం వద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా బడి పాత రేకుల షెడ్డు లేచి సరుగుడు తోటలో పడిందట. అప్పుడు మేం నాలుగేళ్ల పిల్లలం, గుర్తులేదు, ఊరంతా ఇప్పటికీ చెబుతుంది. స్లాబ్ వేయండి సార్. మళ్లీ అదే అంటున్నామని విసుక్కోకండి, ఒకసారి చెబితే వినే చోట రెండోసారి చెప్పం.

ఫేర్‌వెల్ రోజు గ్రూప్ ఫోటో ఆ గదిలోనే దిగాం. పైకప్పు లేదు కదా, వెలుతురు బాగా పడిందని ఫోటోగ్రాఫర్ ఒకటే సంబరం. మాకు టీసీలు ఇచ్చేటప్పుడు ప్రవర్తన సంతృప్తికరం అని రాస్తారట. వాడిది కూడా అలాగే రాయండి. ఇన్నేళ్లలో ఎవరి మీదా కూలలేదు, అది చిన్న విషయం కాదు.

ఇట్లు,
మీ విధేయులు,
పదో తరగతి 'బి' సెక్షన్
(సెక్షన్ అంటే వరండాలో ఎడమ వైపు. కుడి వైపు 'ఎ' సెక్షన్.)

తా.క.: గది తాళాలు ఎవరికి అప్పగించాలని హెడ్‌మాస్టారు అడిగారు. తలుపులు పెట్టాక చెబుతామన్నాం.