2023 వార్షిక నివేదిక: పెద్దల విభాగం గోల్ఫ్ చూసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏటా పంపే నివేదిక ఇది. సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం, బతుకమ్మ, దీపావళి మీరంతా చూసినవే, ఫొటోలూ చేరాయి. బతుకమ్మకు పూలు చాలలేదన్న మాట నిజం. తప్పు కార్యవర్గానిదే, వచ్చే ఏడు ముందే చెప్పి తెప్పిస్తాం. ఈసారి ఎక్కువ చోటు మే నెల కార్యక్రమానికి, అంటే పెద్దల్ని గోల్ఫ్ పోటీకి తీసుకెళ్లినదానికి ఇస్తున్నాను. ఏప్రిల్ సమావేశంలో సగం మంది వద్దన్నదీ అదే, జూన్‌లో అందరూ మళ్లీ ఎప్పుడని అడిగిందీ అదే.

టెక్సస్‌లోని మన ఫ్రిస్కోకు గోల్ఫ్ సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికా ప్రధాన కార్యాలయం ఫ్లోరిడాలోని పామ్ బీచ్ గార్డెన్స్ నుంచి 2022లో తరలివచ్చింది. రాక్‌హిల్ పార్క్‌వే పేరు పీజీఏ పార్క్‌వే అయింది. ఆ దారినే రోజూ పిల్లల్ని బడిలో దింపి వస్తున్నా, పక్కన పాంథర్ క్రీక్ వాగు వెంబడి ఏం లేస్తోందో మనలో చాలామంది పట్టించుకోలేదు. అక్కడ లేచినవి ఫీల్డ్స్ రాంచ్ ఈస్ట్, వెస్ట్ అనే రెండు గోల్ఫ్ కోర్సులు, అంటే ఆట మైదానాలు. గిల్ హాన్స్ రూపుదిద్దిన ఈస్ట్ కోర్సు మీద తొలి పెద్ద పోటీగా మే 25 నుంచి 28 వరకు సీనియర్ పీజీఏ చాంపియన్‌షిప్ జరిగింది. యాభై నిండిన ఆటగాళ్లకే ప్రవేశం. టీవీలో ప్రతి వారం కనిపించే పీజీఏ టూర్ వేరు, ఈ సంస్థ వేరు. 1968లోనే విడిపోయాయి. క్లబ్బుల్లో ఆట నేర్పే గురువుల సంఘం ఇది. ఈ తేడా మా కార్యవర్గానికే మూడు సమావేశాల తర్వాత గానీ తలకెక్కలేదు.

పెద్దల విభాగం వారు ఈ పోటీకి వెళ్దామన్నప్పుడు "గోల్ఫ్ మనకెందుకండీ" అన్న మాటే ముందు వచ్చింది. నేనూ అన్నవాణ్ణే, దాచడమెందుకు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ కారు నడపడం రాదు. పిల్లలు పనికి, మనవలు బడికి వెళ్లిపోతారు. గుడి, పార్కు, కూరగాయల దుకాణం తప్ప నాలుగో చోటు తెలియకుండానే తిరుగు ప్రయాణం రోజు వచ్చేస్తుంది. అందుకని ఒప్పుకున్నాం. శని, ఆదివారాల్లో జనం ఎక్కువని రెండో రోజైన శుక్రవారం రెండు వ్యాన్లు మాట్లాడాం.

తెలియకుండా ఎంచుకున్నా అదే సరైన రోజని తర్వాత అర్థమైంది. బరిలో దిగేది 156 మంది. రెండో రోజు సాయంత్రానికి మొదటి 70 స్థానాల్లో ఉన్నవారూ, 70వ స్థానంలో సమంగా నిలిచినవారూ మిగతా రెండు రోజులూ ఆడతారు. మిగతావాళ్లు సంచి సర్దుకోవాల్సిందే. ఈ 156 మందిలో 35 మంది దాకా క్లబ్బుల్లో పాఠాలు చెప్పుకుంటూ తమలో తాము పోటీపడి అర్హత సాధించిన గురువులు. సోమవారానికి మళ్లీ కొలువులో ఉండేవాళ్లు. మన పెద్దల్లో ఎక్కువమంది పేరున్నవాళ్ల వెనకాల పోలేదు, వీళ్ల దగ్గరే నిలబడ్డారు. తెనాలి నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, పేరు తెలియని ఒక ఆటగాడి ప్రతి దెబ్బకూ చప్పట్లు కొట్టారు. ఆ ఆటగాడు సాయంత్రం ఇంటిదారి పట్టాడని తెలిసి మాస్టారు వ్యాన్లో చాలాసేపు మాట్లాడలేదు.

ఆట అర్థం కావడానికి మాత్రం గంట పట్టింది. "తక్కువసార్లు కొట్టినోడు గెలుస్తాడా? ఇదేం ఆట బాబూ!" అని ఒక పెద్దాయన అడిగితే, బిళ్ళంగోడుకు పూర్తిగా తలకిందులు అని ఇంకొకరు జవాబిచ్చారు. "బిళ్ళంగోడు కాదు, చిర్రగోనె" అని కరీంనగర్ అమ్మగారు సరిదిద్దారు. ఆ వాదన మూడు గ్రీన్‌ల దాకా, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి జాగాలు మూడు దాటేదాకా నడిచింది, కొట్టేవాడు బంతిని గుంతలోకి నెట్టే పుట్టర్ కర్ర పట్టుకున్నప్పుడు తప్ప. జనాన్ని అదుపు చేసే మార్షల్ చెయ్యెత్తగానే వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకోవడం మన పెద్దలకు బాగా నచ్చింది. మన సభల్లో మైకు పట్టుకుని ఎంత బతిమాలినా అది జరగదని అందరి ముందూ అన్నారు. విశాఖ నుంచి వచ్చిన ఇంకొకరు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ పక్కనుంచే తిరిగారట. గ్రీన్ మీది గడ్డిని దగ్గర నుంచి చూడడం మాత్రం ఇక్కడేనన్నారు.

మా పొరపాట్లూ రాయాలి. లోపలికి తీసుకెళ్లే సంచుల కొలత గురించి నిబంధన ముందే పంపారు, మేమే చదవలేదు. అందుకే పులిహోర డబ్బాలు, చక్రాలు వ్యాన్లోనే ఉండిపోయాయి, సాయంత్రం పార్కింగులో తినాల్సి వచ్చింది. ఎండకు నీడ పట్టున ఉండే చోట్లు ముందే చూసి పెట్టుకోలేదు. మధ్యాహ్నానికి ఇద్దరు నీరసపడితే వెంటనే వ్యాన్లో కూర్చోబెట్టాం.

మన సభ్యుల్లో కొందరు అక్కడ వాలంటీర్లుగా పనిచేశారు. టోపీ, చొక్కా సొంత డబ్బుతో కొనుక్కుని తెల్లవారుజామునే వెళ్లి జనాన్ని ఆపే తాడు దగ్గర నిలబడ్డారు. ఉగాదికి కుర్చీలు వేయడానికి దొరకని మనుషులు అక్కడ దొరికారని కోశాధికారి అన్నారు. ఆ మాట నివేదికలో రాయమన్నారు కాబట్టి రాశాను.

ఇక ఆదివారం, మే 28. ఆ రోజు ఎన్టీ రామారావుగారి శతజయంతి. మన సభ ఆ సాయంత్రమే, హాలు జనవరిలోనే తీసుకున్నాం. అదే రోజు గోల్ఫ్ ఆఖరి రౌండు. అదే రోజు ఉదయం మన తొమ్మిది గంటలకు ఐపీఎల్ ఫైనల్, అంబటి రాయుడికి ఆఖరి మ్యాచ్. అహ్మదాబాద్‌లో వాన ఆగక అది సోమవారానికి వాయిదా పడింది. అప్పటిదాకా ఫోన్లకు అతుక్కున్నవాళ్లంతా మధ్యాహ్నం నుంచి గోల్ఫ్‌కు మారారు. సభలో వెనక వరుసల గుసగుసలు విని వక్త నొచ్చుకున్నారు. ఆయనకు ఈ నివేదిక ద్వారా క్షమాపణ చెబుతున్నాం. గోల్ఫ్ మైదానంలో స్టీవ్ స్ట్రికర్, పాడ్రిగ్ హారింగ్టన్ అనే ఇద్దరు ఆటగాళ్లూ నాలుగు రోజులకు 270 దెబ్బల దగ్గర, అంటే పార్‌కు (నిర్ణీత దెబ్బల లెక్కకు) 18 తక్కువలో సమమయ్యారు. 18వ హోల్ (గుంత) దగ్గరే గెలుపు తేల్చే ప్లేఆఫ్, దాని మొదటి హోల్‌లోనే స్ట్రికర్ పార్‌తో గెలిచాడు. ఆయన వయసు 56, హారింగ్టన్‌కు 51. స్ట్రికర్ ఆ నెలలోనే సీనియర్ల మరో పెద్ద పోటీ రీజియన్స్ ట్రెడిషన్ కూడా గెలిచి వచ్చాడు. 37 ఏళ్ల రాయుడు సెలవు తీసుకుంటున్నాడని పొద్దున బాధపడ్డవాళ్లు, రాత్రి భోజనాల దగ్గర 56 ఏళ్లవాడి గురించే మాట్లాడారు. మా నాన్నగారైతే "ఈయనకింకా నాలుగేళ్లకు గానీ షష్టిపూర్తి రాదు" అని లెక్క చెప్పారు.

ఈ పోటీ 1937లో అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్‌లో మొదలైంది, ఆనాటి మేటి ఆటగాడు బాబీ జోన్స్ పిలిచి పెట్టించాడు. తొలి విజేత జాక్ హచిసన్. శామ్ స్నీడ్ ఆరుసార్లు గెలిచాడు. గెలిచినవాడికిచ్చే ఆల్‌ఫ్రెడ్ బోర్న్ వెండి కప్పు ఎత్తు 42 అంగుళాలు. మన కార్యవర్గం అధ్యక్షుడికిచ్చే జ్ఞాపిక దాని పక్కన అగ్గిపెట్టెలా ఉంటుంది.

2024లో ఈ పోటీ మిషిగన్‌లోని హార్బర్ షోర్స్‌కు వెళ్తోంది, అంత దూరం వ్యాన్లు పెట్టలేం. ఫ్రిస్కోకు 2025లో మహిళల పీజీఏ, 2027లో పీజీఏ చాంపియన్‌షిప్ వస్తాయి. సీనియర్లు తిరిగి 2029లో వస్తారు. 2025కు పెద్దల విభాగం ఇప్పుడే పేర్లు రాసుకుంటోంది. వీసా గడువు చూసుకుని టికెట్లు తీసుకోవాలని పిల్లలకు మనవి.

ఖర్చుల వివరాలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. వ్యాన్లో మిగిలిపోయిన రెండు టోపీలు, ఒక కళ్లజోడు, మూత లేని స్టీలు డబ్బా ఒకటి నా దగ్గరున్నాయి. డబ్బా ఎవరిదో చెబితే తోమి ఇస్తాను.

మీ కార్యదర్శి