ఆ పది ప్రశ్నలకు జవాబు

చి.ల.సౌ. చిన్నికి అమ్మ ఆశీస్సులు.

గర్భిణిగా చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టరుగారు ఇచ్చారంటూ నువ్వు పంపిన కాగితాన్ని నిదానంగా చదివాను. పద్దెనిమిదేళ్ళు నిండకముందు ఇంట్లో నిన్ను కొట్టేవారా, కించపరిచేవారా, తాగుడుకు అలవాటు పడినవారు ఉండేవారా, తల్లి మీద చేయి చేసుకునేవారా అని అడిగే ఆ పది ప్రశ్నలలో తాగుడు గురించీ, తల్లి మీద చేయి చేసుకోవడం గురించీ అడిగిన రెండింటి దగ్గరే నువ్వు ఆగిపోయావని, నాన్న సంగతి రాస్తే పుట్టింటి పరువు ఏమవుతుందోనని వెనకాడుతున్నావని నాకు తెలుసు. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఈ ప్రశ్నలు నిన్ను చూసి పుట్టినవి కావు. మీ కాలిఫోర్నియాలోనే శాన్ డియెగోలో ఉన్న కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థకు ఆరోగ్య పరీక్షలకోసం వచ్చిన 17,000 మందికి పైగా పెద్దవాళ్ళను వారి చిన్నతనం గురించి అడిగిన అధ్యయనం తాలూకు మొదటి ఫలితాలను ఫెలిటి, ఆండా అనే డాక్టర్లు తమ బృందంతో కలిసి 1998లో ప్రచురించారు. చిన్నప్పటి కష్టాలు ఎన్ని రకాలైతే పెద్దయ్యాక కుంగుబాటు, గుండెజబ్బు, మద్యపానం అంతగా ఎక్కువయ్యాయని అందులో తేలింది. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడి-కాల్ కింద వచ్చే రోగులను ఇలా అడిగినందుకు డాక్టర్లకు 29 డాలర్లు చెల్లించడం 2020 జనవరిలో మొదలుపెట్టారు. అక్కడే ఉత్తర ప్రాంతంలో గర్భిణులకు ఈ ప్రశ్నలు ఇచ్చి చూస్తే, 90 శాతానికి పైగా పెద్ద ఇబ్బందేమీ అనిపించలేదనే చెప్పారు.

నువ్వు హైస్కూల్లో ఉన్న రోజుల్లో సందు చివర స్కూటరు చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలిగేదానివి. చప్పుడు తేడాగా ఉంటే పుస్తకాలు, తమ్ముడి చేయి పట్టుకుని మేడమీదికి వెళ్ళిపోయేదానివి. మీ ఆయనకు తెలిసింది తాగుడు మానేసిన మామగారే కనుక, ఆయన పక్కన కూర్చుని ఆ కాగితం నింపవలసిన పని లేదు. ఒంటరిగా నింపుతానని అడుగు. ఏ ప్రశ్నకు అవునన్నావో చెప్పకుండా మొత్తం ఎన్నో మాత్రమే రాసే ఫారం కూడా ఉంటుంది, అది ఇమ్మను. నీ జవాబులు ఎక్కడ నమోదవుతాయో, ఎవరెవరు చూడగలరో రాయకముందే తెలుసుకో.

ఇక డాక్టరుకు ఇది ఎందుకంటావా? నేను ప్రసూతి వార్డులో పనిచేసినప్పుడు, లోపలి పరీక్షకు బల్లమీద పడుకోగానే ఒళ్ళంతా బిగబట్టుకుని కాళ్ళు దగ్గరకు లాక్కునే అమ్మాయిలను కసురుకుని, కేస్ షీట్లో 'సహకరించడం లేదు' అని రాసేసేవారు. ఆ బిగువు వెనుక ఏముందో అడిగే గడి మన తల్లీబిడ్డల కార్డులో లేదు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, టీకాలతో అది నిండిపోయేది. ముందే తెలిసిన డాక్టరు ఏం చేయబోతున్నారో చెప్పి, అనుమతి అడిగి, నువ్వు ఆపమంటే ఆపుతారు. కాన్పు తరువాత దిగులు కమ్ముకునే అవకాశం ఇలాంటి చిన్నతనం గడిపినవారికి ఎక్కువ కాబట్టి, బాలింతగా ఉన్నప్పుడు నిన్ను కాస్త కనిపెట్టుకుని ఉంటారు.

అయితే 'అవును'ల మొత్తంగా వచ్చే ఆ అంకెను జాతకంలా పట్టుకోకు. ఒక్కొక్క మనిషి భవిష్యత్తును దానితో తేల్చకూడదని ఆండా గారే 2020లో సహచరులతో కలిసి రాశారు. వేసవి సెలవులన్నీ నిన్ను తన దగ్గర పెట్టుకున్న అమ్మమ్మ గురించి ఆ కాగితం ఒక్క ముక్క అడగలేదు, నాకు దానిమీద ఉన్న కోపమంతా అదే.

అడిగి ఊరుకునే ఆసుపత్రి అయితే ఆ కాగితం నింపి లాభం లేదు. కాబట్టి జవాబులు చూశాక నన్ను ఎవరి దగ్గరికి పంపుతారు, కౌన్సెలర్ ఉన్నారా, ఇన్సూరెన్సులో వస్తుందా, తెలుగు దుబాసీ కావాలంటే ఇంటివాళ్ళు కాకుండా ఆసుపత్రివాళ్ళే ఏర్పాటు చేస్తారా అని వచ్చే అపాయింట్‌మెంట్‌లో అడిగి, వాళ్ళు చెప్పింది నాకు రాయి. వీసా రాగానే ఎనిమిదో నెలకు బయలుదేరతాను.

ఇట్లు,
అమ్మ