నైట్ డ్యూటీ సిస్టర్ గారికి

మా నాయనమ్మ 94 ఏళ్లు నిండుగా బతికింది. ఎవరి చదువు ఆగినా, ఎవరి కాపురంలో చిక్కొచ్చినా పంచాయితీ ఆమె దగ్గరికే వచ్చేది. అందరి గొడవలూ తీర్చేది, తన సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ గారూ, ఆ టెన్షన్‌లో మీ పేరు అడగడం కుదరలేదు. అందుకే ఇలా అందరి ముందూ చెబుతున్నాను.

వయసు మీదపడ్డాక ముందుగా వినబడకుండా పోయేవి సన్నటి, కీచు శబ్దాలేనట. అరిచి చెబితే మాట ఇంకా చెదిరిపోతుంది. మీరు ముఖం కనబడేలా ఎదురుగా కూర్చుని, కీచుగా కాకుండా మంద్రమైన గొంతుతో నిదానంగా అడిగారు. నాయనమ్మ టక్కున జవాబిచ్చింది! పొద్దున ఎవరొచ్చి వెళ్లారో గుర్తులేని మనిషి, మేం తెచ్చిన పాత ఫోటో మీరు చేతికిస్తే వరసపెట్టి పేర్లు చెప్పేసింది. మూలన నిలబడ్డ రెండు జడల పిల్ల ఎవరో మా నాన్నకే తెలీదు. చిన్నప్పుడే పోయిన తన చెల్లెలట. ఆ పేర్లన్నీ మీరు ఓ చీటీ మీద రాసి నా చేతిలో పెట్టారు. (మీ దస్తూరి డాక్టర్ల రాత కంటే చాలా నయం.)

సెలైన్ మార్చి వెళ్లిపోయినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. చీటీలోని పేర్లు ఫోటో వెనక ఎక్కించాం, కజిన్స్ అందరికీ పంపాం. చాలా థాంక్స్ సిస్టర్. ఇది మీ కంటపడితే ఒక్క కబురు పెట్టండి, మీ కోసం కూడా ఒక కాపీ తీయించి ఉంచాం.