చార్టర్ విమానంలో తుపాకీకి వేరే రూలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

చార్టర్ విమానం, అంటే సొంతానికి అద్దెకు మాట్లాడుకున్న విమానం ఎక్కబోతున్న ఒక పెద్దమనిషి బ్యాగులో తుపాకీ, తూటాలు దొరికాయన్న వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులైంది. లైసెన్స్ ఉందట, తీసి ఇంట్లో పెట్టడం మర్చిపోయారట. ఆ మర్నాటి నుంచి ఆ సంగతే లేదు. ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

"మర్చిపోయారు" అన్న మాట చదివి నాకు ఒళ్లు మండింది. మా అమ్మాయి రైఫిల్ షూటర్. పాయింట్ టూ టూ రైఫిల్‌తో పోటీలకు వెళ్లినప్పుడల్లా తోడుగా నేనూ వెళ్తాను. మాకు మర్చిపోయే వీలే లేదు. లైసెన్స్ ఒరిజినల్, మూడు జిరాక్సులు, పోటీకి పిలిచిన ఉత్తరం అన్నీ ఒక ఫైల్లో ఉండాలి. బోల్టు విడదీసి రైఫిల్‌ని గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తూటాలు ఇంకో పెట్టెలో సర్దాలి. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే మా దగ్గర ఆయుధం ఉందని మేమే చెప్పాలి, లోడ్ చేసి లేదని చూపించాలి. లైసెన్స్ దేశమంతటా చెల్లుతుందా, తమిళనాడు వరకేనా అని చూస్తారు. అంతా అయ్యాకే అది హోల్డ్‌లోకి, అంటే విమానం అడుగున ఉండే సామాను గదిలోకి వెళ్తుంది. కిందటేడాది తిరుగు ప్రయాణంలో, రైఫిల్ మీద చెక్కిన నంబర్లో ఒక అంకె సరిగా కనబడటం లేదని ఒక ఎయిర్‌లైన్ వాళ్లు గంటన్నర నిలబెట్టారు. మా విమానం వెళ్లిపోయింది. కొత్త టికెట్లు మా డబ్బుతోనే కొనుక్కున్నాం. అమ్మాయి మెడలో అప్పటికి రెండు పతకాలున్నాయి. నేరం చేసినదానిలా ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చుంది.

అయినా ఆ తనిఖీ వద్దని నేను అనను. నేను మద్రాసులో పుట్టి పెరిగినవాణ్ణి. 1984 ఆగస్టు 2 రాత్రి మీనంబాక్కం విమానాశ్రయంలో సూట్‌కేసు బాంబు పేలి 30 మందికి పైగా చనిపోయినప్పుడు నాకు 21 ఏళ్లు. పల్లావరంలో ఉన్న మా మేనమామ ఇంట్లో కిటికీలు అదిరాయి. అనుమానం ఉన్న సామాను ముందు పెట్టుకుని, ఎవరు తెరవాలో తేల్చుకోలేకపోతే ఏమవుతుందో ఈ ఊరు చూసింది. అందుకే మా రైఫిల్ పెట్టెను ఎన్నిసార్లు తెరవమన్నా తెరుస్తాను. నా బాధల్లా, ఆ శ్రద్ధ చార్టర్ విమానాల దగ్గర ఎందుకు పలచబడుతోందన్నదే.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వాళ్ల 17వ అనుబంధంలో ఆయుధాల గురించి స్పష్టంగా ఉంది. తుపాకీ లోడ్ చేసి లేదని అర్హత ఉన్న మనిషి నిర్ధారించాలి. విమానం ఎగురుతున్నంతసేపూ ఎవరి చేతికీ అందని చోట దాన్ని పెట్టాలి. పెద్ద విమానంలో ఇది సులువు. సీట్ల కింద హోల్డ్ ఉంటుంది, గాల్లో ఉండగా ఎవరూ అందులోకి దిగలేరు. చిన్న విమానాల్లో అలా కాదు. చాలా బిజినెస్ జెట్లలో వెనక బాత్రూం తలుపు తీస్తే సామాను గది వస్తుంది. కింగ్ ఎయిర్ లాంటి ప్రొపెల్లర్ విమానంలోనైతే సామాను కేబిన్ వెనకే ఉంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే చాలు. ఇలాంటి విమానంలో "తుపాకీ సామానులో పెట్టాం" అన్న మాటకు అర్థమేముంది?

2001 తర్వాత పెద్ద విమానాల్లో పైలట్ల గదికి తూటా దూరని తలుపులు పెట్టారు. చిన్న వాటిలో చాలాచోట్ల తెర తప్ప ఏమీ ఉండదు. 1971 జనవరిలో శ్రీనగర్ నుంచి జమ్మూ వెళ్తున్న "గంగ" విమానాన్ని ఇద్దరు కుర్రాళ్లు లాహోర్‌కు మళ్లించింది బొమ్మ తుపాకీతో, కొయ్య గ్రెనేడ్‌తో. చార్టర్ విమానంలో ఉండేది నిజం తుపాకీ. డబ్బు కట్టి విమానం మాట్లాడుకున్న మనిషి ఎంత మంచివాడైనా కావచ్చు, ఆ రోజు అతని వెంట ఎక్కిన ఆరుగురి సంగతి పైలట్‌కి ఏం తెలుసు?

ఇక గన్‌మెన్ల విషయం. మామూలు విమానంలో నాయకుడి పక్కన గన్‌మన్ కూర్చున్నా అతని తుపాకీ హోల్డ్‌లోకి వెళ్లాల్సిందే. అదే నాయకుడు పెళ్లికో, పార్టీ సభకో చార్టర్‌లో వెళ్తే ఆ తుపాకీ ఎక్కడ ఉంటోంది? ఎవరు చూస్తున్నారు? ఎన్నికలప్పుడు హెలికాప్టర్లు ఆపి, కెమెరాల ముందు సంచులు విప్పి డబ్బు కోసం వెతుకుతారు. మిగతా రోజుల్లో ఆ హెలికాప్టర్ దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా? మన విమానాశ్రయాల్లో ఎవరెవరిని తనిఖీ చేయకూడదో పొడుగాటి జాబితా బోర్డు మీద రాసి పెడతారు. చార్టర్‌లో ఆయుధానికి ఏ నియమమో చెప్పే బోర్డు నాకు ఒక్కటీ కనబడలేదు. అడిగితే సర్క్యులర్ ఉందంటారు. ఆ సర్క్యులర్లు చాలావరకు మనలాంటి వాళ్లకు చూపించరు.

మా తమ్ముడి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. "పెదనాన్నా, ఇక్కడ సొంత చిన్న విమానాల్లో తుపాకీ తీసుకెళ్లినా ఎవరూ ఆపరు" అన్నాడు. అది అక్కడి సంగతి. సొంత విమానంలో ఆ నిర్ణయం యజమానిదీ పైలట్‌దీ, తర్వాత ఆయా రాష్ట్రాల చట్టాలది. కానీ డబ్బు తీసుకుని నడిపే చార్టర్‌కు వాళ్ల దగ్గరా నియమం ఉంది. ఆయుధం మోయడానికి అధికారం ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, విమాన సిబ్బంది, ఆ కంపెనీ అనుమతి ఇచ్చినవాళ్లు తప్ప ఎవరూ ఒంటి మీద ఆయుధంతో ఎక్కకూడదు. అమెరికాలో ఎవరూ ఆపరుగా అని వాదించేవాళ్లు ఈ ముక్క కూడా చెప్పాలి.

చార్టర్ లాంటి, షెడ్యూల్ లేని విమానం అంటే మన అధికారులకు ఎప్పుడూ చులకనే. 1995 డిసెంబరులో ఒక ఆంటొనొవ్ విమానం ఏకే-47లు నింపుకుని వారణాసిలో దిగింది, ఇంధనం పోయించుకుంది, 17వ తేదీ రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద ఆ తుపాకులు జారవిడిచింది. దేశం దాటి వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత ధైర్యంగా తిరిగొచ్చి మన మద్రాసులోనే మళ్లీ ఇంధనం నింపుకుంది! చివరికి బొంబాయిలో బలవంతంగా దింపారు. అంత జరిగినా ఆ తుపాకుల వ్యవహారంలో ముఖ్యుడు విమానాశ్రయం నుంచే తప్పించుకున్నాడు.

మనకి ఏ ఏర్పాటైనా జరిగాకే వస్తుంది. 1976లో విమానం హైజాక్ అయితే 1978లో భద్రతకు ఒక విభాగం పెట్టారు. 1985లో ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలి 329 మంది పోతే 1987లో దాన్ని ప్రత్యేక శాఖ చేశారు. అదే ఇప్పటి బీసీఏఎస్, పౌర విమానయాన భద్రత చూసే శాఖ. 1999లో కాందహార్ హైజాక్ జరిగితే 2000 నుంచి విమానాశ్రయాలకు కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్ వచ్చింది.  చార్టర్ విమానాల్లో ఇంకా ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడే చేయమంటున్నాను.

బీసీఏఎస్ అధికారులను, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అధికారులను నేను అడిగేది పెద్దదేం కాదు. గాల్లో చేతికి అందని సామాను గది లేని విమానంలో ప్రయాణికుల తుపాకీ ఎక్కకూడదు. ఎక్కక తప్పని గన్‌మన్ ఉంటే, ఎవరి దగ్గర ఏముందో, ఏ సీట్లో కూర్చున్నారో పైలట్‌కి ముందే రాసివ్వాలి. కాదనే హక్కు పైలట్‌కి ఉండాలి, కాదన్నందుకు అతని ఉద్యోగం పోకూడదు. ఈ నియమం తమిళంలో, తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఆ పెద్దమనిషి కేసు ఏమైందో కూడా మీ విలేకరి ఒకసారి కనుక్కుని రాయాలని కోరుతున్నాను.

వచ్చే నెల అమ్మాయికి భోపాల్‌లో పోటీ ఉంది. ఫైలు సర్దడం నిన్ననే మొదలుపెట్టాం.

ఇట్లు,
ఒక షూటర్ తండ్రి,
విల్లివాక్కం, చెన్నై