నా చేతి సుద్దముక్కను వెనుకాడకుండా అందుకున్న వారికి

విజయనగరం జిల్లా బొబ్బిలి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. చాలా ఏళ్లుగా నాకు సోరియాసిస్ ఉంది. గత విద్యా సంవత్సరంలో ఆ వ్యాధి బాగా ముదిరి, నేను తరగతి గదిలో నిలబడగలనా అన్న ప్రశ్న ఊరందరి నోటా వినబడినప్పుడు, నా పక్కన నిలిచిన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారిలో కొందరు గట్టిగా చెప్పారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వారికే తెలుస్తుంది.

మన చర్మపు పై పొరలో కొత్త కణం పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి మామూలుగా నెల రోజుల వరకు పడుతుంది. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల సోరియాసిస్‌లో అదంతా మూడు నుంచి ఐదు రోజుల్లోనే జరిగిపోయి, ఎర్రని మచ్చల మీద వెండిరంగు పొలుసులు పేరుకుని రాలుతుంటాయి. దీనికి కారణమైన క్రిమి ఏదీ లేదు కనుక ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. అయితే బిడ్డ తెచ్చిన నోటు పుస్తకం తెరవగానే దిద్దిన ఎర్ర సిరా పక్కన రాలిన పొలుసు కనిపించిన తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పారు? కాబట్టి ఆ తల్లుల భయాన్ని నేను తప్పుపట్టను. ఆ భయం ఎంత దూరం వెళ్లిందో మాత్రం చెప్పాలి. మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు ఉపాధ్యాయులు రుచి చూడడం బడిలో నియమం. నేను రుచి చూసిన రోజున కొందరు పిల్లలు తినకుండా లేచిపోయారు. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో నా బల్ల దగ్గర కూర్చోవలసిన ఒక ఉపాధ్యాయుడు కుర్చీ మార్చుకున్నారు. సర్పదోషమని, నాగప్రతిష్ఠ చేయించమని ఇంటికి వచ్చి చెప్పినవారున్నారు. చివరికి నన్ను ఈ బడి నుంచి బదిలీ చేయమని కోరుతూ పై అధికారులకు అర్జీ వెళ్లింది.

ఆ అర్జీకి జవాబు రాయవలసి వచ్చిన మా ప్రధానోపాధ్యాయురాలికి నా మొదటి నమస్కారం. నన్ను కొంతకాలం సెలవు పెట్టమని అడిగి ఉంటే ఆమెకు తలనొప్పి తప్పేది, నేనూ కాదనగలిగే స్థితిలో లేను. ఆమె ఆ మాట ఎత్తలేదు. వైద్యుల ధ్రువపత్రాన్ని జతచేసి, సోరియాసిస్ అంటువ్యాధి కాదనీ, దీనితో బాధపడేవారి పట్ల చిన్నచూపును తొలగించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్య దేశాలు 2014లో తీర్మానించిన విషయాన్ని ఉదహరిస్తూ ఆమె సమాధానం పంపారు. నా టైమ్ టేబుల్‌లో ఒక్క పీరియడ్ కూడా తగ్గించలేదు. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం తన క్యారేజీ తెచ్చుకుని నా బల్ల దగ్గరే కూర్చుని భోంచేశారు. దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

తల్లిదండ్రుల సమావేశానికి తన సెలవు రోజును వదులుకుని వచ్చిన చర్మ వైద్యురాలి ఋణం నేను తీర్చుకోగలిగేది కాదు. సాలూరులో దశాబ్దాలుగా కుష్ఠు ఆసుపత్రి ఉన్న ప్రాంతం మాది. చర్మం మీద మచ్చ కనబడితే పెద్దవాళ్ల మనసు ముందుగా అక్కడికే పోతుంది. ఆమె ఆ సంగతిని దాటవేయకుండా దానితోనే మొదలుపెట్టారు. 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే వైద్యుడు స్పష్టంగా విడదీసి చూపే వరకు యూరప్‌లో వైద్యులే ఈ రెండు జబ్బులనూ కలగలిపి చూశారని, అలాంటప్పుడు మీకు అనుమానం రావడంలో వింత లేదని చెప్పారు. అంతటితో ఆపి ఉంటే నా ఒక్కడి మీది అనుమానం తీరేది. కానీ ఆమె కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమవుతుందని, ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయని, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అది ఇతరులకు సోకించే గుణం కోల్పోతుందని కూడా వివరించారు. నా మీది నిందను తొలగించడానికి మరొక రోగి మీద నింద మోపని ఆ తీరు నన్ను ఎంతగానో కదిలించింది.

అప్పుడు వెనుక వరుసలోంచి ఒక అవ్వ లేచి, "అయితే మాస్టారి చెయ్యి తగిల్తే మా గుంటడికి ఏటీ అవదా డాక్టరమ్మా?" అని అడిగింది. ఏమీ కాదమ్మా అని వైద్యురాలు చెప్పారు. ఆ అవ్వకు నా కృతజ్ఞతలు ప్రత్యేకంగా చెప్పాలి. అందరి మనసులో ఉండి ఎవరూ నా ముఖం మీద అడగని ప్రశ్నను ఆమె మర్యాద తప్పకుండా నిండు సభలో అడిగింది కనుకనే జవాబు కూడా అందరికీ వినబడింది. మరునాడు ఆమె మనవడు బోర్డు మీద సంధి విడదీసి రాయడానికి తనంతట తానే లేచి వచ్చి నా చేతిలోని సుద్దముక్క తీసుకున్నాడు.

వైద్యం విషయానికి వస్తే, మొదట వారానికి రెండు మూడుసార్లు అతినీలలోహిత కాంతి చికిత్స కోసం విశాఖపట్నం వెళ్లవలసి వచ్చింది. నా పీరియడ్లు తాను తీసుకుని, తిరిగి వచ్చే బస్సు తప్పిన రాత్రుల్లో బండి మీద వచ్చి నన్ను ఇంటికి చేర్చిన మా లెక్కల మాస్టారి సాయాన్ని మాటల్లో కొలవలేను. తరువాత కీళ్ల నొప్పులు కూడా మొదలైనందున మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. ఈ జబ్బున్న వారందరూ తెలుసుకోవలసిన మాట కనుక ఇక్కడ చెబుతున్నాను: ఆ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మందుల షాపులో పనిచేసే తమ్ముడు అట్ట మీద ఎర్ర సిరాతో "ఆదివారం మాత్రమే" అని రాసి, మా ఇంటావిడను కూడా పిలిచి ఆ మాట చెప్పి పంపాడు. మందు రక్తం మీద, కాలేయం మీద ఎలా పనిచేస్తున్నదో చూడడానికి చేయవలసిన పరీక్షలకు, బడి వేళకు ముందే నమూనా తీసుకున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ల్యాబ్ టెక్నీషియన్‌కు కూడా నేను ఋణపడి ఉన్నాను.

మా వీధి చివర సెలూన్ నడిపే సోదరుడు, వేరే చోట నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదని విని, తానే కబురు పెట్టాడు. నా తలలోని పొలుసులు చూసి గిరాకీ పోతుందని కొందరు హెచ్చరించినా, దుకాణం రద్దీగా ఉండే ఆదివారం పూటే నన్ను రమ్మన్నాడు. గీరుకుపోయిన చోట ఈ జబ్బు కొత్తగా పుట్టుకొస్తుందని నేను చెప్పినప్పటి నుంచి కత్తి తగలకుండా మెషిన్‌తోనే జాగ్రత్తగా జుట్టు తీస్తున్నాడు. నేను మానేసిన గుడికి మళ్లీ వెళ్లిన రోజున మా అర్చక స్వామి అందరికీ పెట్టినట్టే నా తల మీద కూడా శఠగోపం పెట్టారు. వారిద్దరికీ అది చాలా చిన్న పనిగా తోచి ఉండవచ్చు. నాకు చిన్నది కాదు.

నా శ్రీమతి ఇన్నేళ్లుగా రోజూ పక్కదుప్పట్లు దులిపి, స్నానం కాగానే వీపుకు లిక్విడ్ పారఫిన్ రాసి, వంకాయ తినకూడదు, చేప తినకూడదు అని ఊరంతా చెప్పిన పథ్యాలను వైద్యురాలిని అడిగి, అవసరం లేదని తెలిశాక అవే వండి నాకు ధైర్యంగా పెట్టింది. ఆమె పుట్టింటి వారి శుభకార్యాలకు నన్ను వదిలి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

నా జబ్బు పూర్తిగా పోలేదు. ఇప్పటికున్న వైద్యంతో అదుపులో ఉంచుకోవడమే సాధ్యమని, చలికాలంలోనో, మనసు బాగా నలిగినప్పుడో మళ్లీ పైకి రావచ్చని నాకు తెలుసు. ఇప్పుడు ముంజేతుల మీద మచ్చలు పలచబడ్డాయి, మోకాళ్ల మీద ఇంకా ఉన్నాయి. పొట్టి చేతుల చొక్కాతోనే బడికి వెళుతున్నాను.

మా మండలంలో ఎవరికైనా ఇలాంటి మచ్చలు ఉండి, నలుగురూ చూస్తారని ఆసుపత్రికి వెళ్లడానికి జంకుతూ ఉంటే, లేదా చీటీ మీద పేరైనా లేని పొడులు కొని వాడుతూ ఉంటే, దయచేసి నన్ను కలవండి. నేను పరీక్షలకు వెళ్లేటప్పుడు మిమ్మల్ని కూడా వెంటబెట్టుకుని వెళతాను. బడి విడిచాక సాయంత్రం పూట ఇంటి దగ్గరే ఉంటాను.