పిల్లలే కదా అని చుట్టేస్తున్న రెండో భాగాలు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల యానిమేషన్ చిత్రాలకు వస్తున్న కొనసాగింపుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వాటిని పెద్దల కొలతలతో తూచకూడదని, పిల్లలు కాసేపు నవ్వుకుంటే చాలునని వ్యాసకర్త తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మొదటి భాగాలు తీసినవారు పిల్లల గురించి అంత తేలిగ్గా అనుకుని ఉంటే, ఇవాళ కొనసాగించడానికి ఆ చిత్రాలెవరికీ గుర్తుండేవే కావు.

‘ది లాండ్ బిఫోర్ టైమ్’ సంగతే చూడండి. డాన్ బ్లూత్ దర్శకత్వంలో 1988లో వచ్చిన ఈ డైనోసార్ల చిత్రం నిడివి 70 నిమిషాలైనా లేదు. అందులో లిటిల్‌ఫుట్ అనే డైనోసార్ పిల్ల కళ్ల ముందే తల్లి చనిపోతుంది. తర్వాత ఒకచోట బండ మీద పడిన తన నీడనే చూసి, అమ్మ వచ్చిందనుకుని వాడు పరుగు తీస్తాడు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ నీడ చిన్నదవుతూ వచ్చి, చివరికి వాడంతే అయిపోతుంది. ఓదార్చడానికి పక్కన ఎవరూ ఉండరు, నవ్వించడానికి ఏ కోతిచేష్టా ఉండదు. చూస్తున్న పసివాడికి ఎవరూ ఏమీ వివరించకుండానే అంతా తెలిసిపోతుంది. పిల్లలు మరీ హడలిపోతారని టైరనోసారస్ అనే మాంసాహార డైనోసార్ దాడి దృశ్యాల్లో కొన్నింటిని విడుదలకు ముందే కత్తిరించారు. తల్లి చావును మాత్రం ఉంచారు. ఉంచబట్టే ఆ చిత్రం నిలిచింది.

1994 నుంచి 2016 వరకు దానికి 13 కొనసాగింపులు వచ్చాయి. ఒక్కదానిలోనూ బ్లూత్ చెయ్యి లేదు. మొదటి చిత్రంలో పాత్రలు పాడవు, చివర్లో పేర్లు పడుతున్నప్పుడు డయానా రాస్ పాట వినిపిస్తుంది, అంతే. రెండో భాగం నుంచి మాత్రం సందు దొరికితే చాలు, ఏదో ఒక పాత్ర పాట అందుకుంటుంది. పాటల మీద నాకు కోపం లేదు. దిగులుకో భయానికో చోటివ్వాల్సిన ఘడియలో పాట పెట్టి దాటవేయడం మీదే కోపం. మొదటి చిత్రంలో ఆకలితో, దారి తెలియక నడిచిన లిటిల్‌ఫుట్, వాడి స్నేహితులు ఇప్పుడు పచ్చని లోయలో హాయిగా ఉంటారు. ఏదో ఆపద వస్తుంది, అల్లరి చేసినవాళ్లకు బుద్ధి వస్తుంది, అంతా సర్దుకుంటుంది. తర్వాతి భాగంలో ఆ బుద్ధి మళ్లీ మొదటికొస్తుంది. 2003లో వచ్చిన పదో భాగం కొంత నయం. అక్కడ లిటిల్‌ఫుట్‌కు తండ్రి ఎదురవుతాడు, తండ్రితో వెళ్లాలా, పెంచిన అవ్వాతాతల దగ్గరే ఉండాలా అని తేల్చుకోవాల్సి వస్తుంది. వాడికి నిజంగా పోగొట్టుకోవడానికి ఏదో ఉన్నప్పుడు కథకు మళ్లీ ప్రాణం వచ్చింది. అలాంటిది 13 భాగాల్లో ఒక్కచోట దొరికిందని సంతోషించాలో విచారించాలో తెలియదు.

ఇదంతా ప్రతిభ లేక జరిగింది కాదు, బేరం కుదరబట్టి జరిగింది. డిస్నీ 1994లో ‘అలాద్దీన్’కు రెండో భాగాన్ని థియేటర్లకు పంపకుండా నేరుగా వీడియో క్యాసెట్‌గా అమ్మింది. జీనీకి ప్రాణం పోసిన రాబిన్ విలియమ్స్ గొంతు అందులో లేదు, డాన్ కాస్టెలనెటా చెప్పారు. అయినా క్యాసెట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. ఆ తర్వాత ‘సిండరెల్లా’ను వదల్లేదు, 1942 నాటి ‘బాంబీ’ని కూడా వదల్లేదు. దానికి 2006లో రెండో భాగం తీశారు. పిల్లలు ఇష్టపడ్డారు కాబట్టే అమ్ముడయ్యాయి కదా అనేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. డబ్బిచ్చి కొన్నది పెద్దలు. అట్ట మీద తెలిసిన ముఖం కనబడింది, అదే మంచి చిత్రమనుకున్నారు. ఆ నమ్మకాన్నే నిర్మాతలు అమ్ముకున్నారని నేనంటాను.

కొనసాగింపు అనగానే చెడ్డదని నా వాదన కాదు. ‘టాయ్ స్టోరీ 2’ కూడా నేరుగా వీడియోకు పోవలసిన చిత్రంగానే మొదలైంది. పిక్సార్ వారు దాన్ని థియేటర్ చిత్రంగా మార్చారు, అప్పటికీ తృప్తి లేక విడుదలకు ఏడాదైనా లేని సమయంలో కథను మళ్లీ రాసుకున్నారు. 1999లో వచ్చిన ఆ చిత్రంలో వుడీ అనే ఆటబొమ్మ ముందు నిలిచిన ప్రశ్న పెద్దలకూ కష్టమైనదే. మ్యూజియం అద్దాల వెనక చెక్కుచెదరకుండా కలకాలం ఉండాలా, ఏదో ఒకనాడు పెరిగి పెద్దవాడై తనను పక్కన పడేసే పిల్లవాడి దగ్గరికి తిరిగి వెళ్లాలా? జెస్సీ అనే మరో బొమ్మ తన పాత యజమానురాలి గురించి తలుచుకునే పాట వచ్చే చోట హాస్యం ఒక్క చుక్క కూడా కలపలేదు. ఇక్కడ పాట దిగులును దాటవేయదు, దాన్నే చెబుతుంది.

క్యాసెట్లు పోయాయి, పద్ధతి పోలేదు. 2024లో వచ్చిన ‘మోవానా 2’ను మొదట స్ట్రీమింగ్ సిరీస్‌గా తలపెట్టి, తర్వాత సినిమాగా మార్చారు. మొదటి చిత్రానికి పాటలు రాసినవారిలో ముఖ్యుడైన లిన్ మాన్యుయెల్ మిరాండా ఇందులో లేరు. ఎపిసోడ్లను కలిపి కుట్టిన అతుకులు నాకు స్పష్టంగానే కనబడ్డాయి. అది 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది కనుక నా ఫిర్యాదును నిర్మాతలు పట్టించుకుంటారన్న భ్రమ లేదు.

పత్రికలు పట్టించుకోవచ్చు. పెద్దల సినిమాకు అరపేజీ సమీక్ష రాసేవారు పిల్లల చిత్రం దగ్గరికొచ్చేసరికి ‘పిల్లలతో కలిసి చూడవచ్చు’ అని ఒక్క ముక్కతో ముగిస్తున్నారు. కథ రాసిందెవరు, మొదటి బృందంలో ఎవరు మిగిలారు, థియేటర్ కోసం తీశారా, వేరే దానికోసం తీసినదాన్ని అతికించారా, ఈ నాలుగు సంగతులైనా రాయండి. మీ ఆదివారం అనుబంధంలో దానికి చోటు దొరుకుతుందనే ఆశిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు